నీలం టరంటులా, ఎర్ర మోకాళ్ల టరంటులా: వాడుక పేర్ల చిక్కుముడి, సరైన ఎంపిక

ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లైన టరంటులాలను పెంపుడు జీవులుగా అమ్మేవారి దగ్గరకు వెళ్లి నీలం రంగుది కావాలని అడిగితే, రంగు తప్ప మరే పోలికా లేని నాలుగైదు జాతులను వారు వరుసగా చూపించగలరు. వాటిలో ఏ ఒక్కదాని పేరూ అబద్ధం కాదు. ఒకటి మయన్మార్, థాయ్‌లాండ్ నేలల్లో లోతైన బొరియ తవ్వుకుని బతికే జీవి. ఇంకొకటి వెనిజులా ఉత్తరపు కొసన, ఎండిన పొదల మధ్య దట్టమైన సాలెపట్టు పరచుకునేది. వేరొకటి మన నల్లమల అడవిలో చెట్టు తొర్రలో దాక్కునేది. మొదటిదాన్ని కదిలిస్తే కాళ్లెత్తి కోరలు చూపిస్తుంది, రెండవది పొట్టమీది వెంట్రుకలు విదిలించి పారిపోతుంది, మూడవది కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేయవచ్చు. ఏళ్ల తరబడి ఇంట్లో ఉండబోయే ప్రాణిని ఎంచుకునేటప్పుడు ఇంత తేడాను ఒక్క రంగు పేరు కప్పేస్తుండటమే ఇక్కడి అసలు సమస్య.

నా అభిప్రాయం ముందే చెబుతాను. టరంటులాను ఎంచుకునేవారు మొదట శాస్త్రీయ నామం చూడాలి, తర్వాత అది ఏ ప్రాంతానిది, నేలమీద ఉంటుందా, బొరియలో ఉంటుందా, చెట్టుమీద ఉంటుందా అన్నది చూడాలి, ఆ తర్వాతే రంగు దగ్గరకు రావాలి. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు. వాడుక పేర్లను పెట్టేది ఎక్కువగా వర్తకులు, పెంపకందారులు. వాటికి కట్టుబాటు లేదు, ఒకే పేరును ఇద్దరు రెండు జాతులకు వాడినా అడిగేవారు లేరు. అమెరికన్ అరాక్నలాజికల్ సొసైటీలో వాడుక పేర్ల కోసం ఒక సంఘం ఏర్పడి జాబితాలు వెలువరించింది గానీ బజారు దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. శాస్త్రీయ నామాలకు మాత్రం స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర ప్రకృతి చరిత్ర మ్యూజియం నిర్వహించే ప్రపంచ సాలీళ్ల పట్టిక ఉంది. టరంటులాల కుటుంబమైన థెరాఫోసిడేలో వెయ్యికి పైగా జాతులు అందులో నమోదై ఉన్నాయి, ఏ పేరు ఎప్పుడు మారిందో కూడా అందులో చూసుకోవచ్చు.

నీలం వర్గం

నీలం అనగానే ముందుగా వినిపించే పేరు కోబాల్ట్ బ్లూ. దీని శాస్త్రీయ నామం సిరియోపాగోపస్ లివిడస్. 1996లో దీన్ని మొదట వర్ణించినప్పుడు పెట్టిన పేరు హాప్లోపెల్మా లివిడం కాబట్టి పాత పుస్తకాల్లోనూ, కొందరు అమ్మకందారుల చీటీల మీదా ఇప్పటికీ ఆ పేరే కనిపిస్తుంది. ఫొటోల్లో దీని కాళ్ల నీలం చూసి ముచ్చటపడనివారు ఉండరు. అయితే ఇది బొరియ జీవి. డబ్బాలో లోతుగా మట్టి పోస్తే తవ్వుకుని లోపలికి వెళ్లిపోతుంది, రాత్రి దీపాలార్పాక గుమ్మం దగ్గర రెండు కాళ్లు కనిపిస్తే అదే దర్శనం. రంగు బాగా కనిపించాలని మట్టి తక్కువ పోసే పెంపకందారులున్నారు. దాక్కునే చోటు లేని కోబాల్ట్ బ్లూ నిత్యం బెదిరి ఉంటుంది, బెదిరిన ప్రతిసారీ దాడికి దిగుతుంది, కాబట్టి ఆ పని దానికీ మంచిది కాదు, మనకూ మంచిది కాదు. మరొక సంగతి ఏమిటంటే, ఈ జాతిలో నీలం ఆడదాని సొత్తు. పెరిగి పెద్దయిన మగది గోధుమరంగుకు తిరుగుతుంది. పిల్లగా కొన్నది మగదని తేలితే డబ్బులు పెట్టి కొన్న రంగు చివరి కుబుసంతోపాటే పోతుంది.

పెంపకందారులు ముద్దుగా జీబీబీ అని పిలిచే గ్రీన్‌బాటిల్ బ్లూ దీనికి పూర్తిగా ఎదురు. క్రోమాటోపెల్మా సయనియోప్యుబెసెన్స్ అన్న నోరు తిరగని పేరున్న ఈ జాతి వెనిజులాలోని పరాగ్వానా ద్వీపకల్పం ప్రాంతపు పొడి నేలలకు చెందినది. పచ్చని మెరుపున్న వీపు పెంకు, లోహపు నీలం కాళ్లు, నారింజ రంగు పొట్ట, ఈ మూడూ ఒకే జీవిలో కనిపిస్తే అది ఇదేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు, ఎందుకంటే దాని ప్రజాతిలో, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపులో, అది ఒక్కటే జాతి. మగవైనా, ఆడవైనా రంగు బాగుంటుంది. పిల్లల పొట్టమీద నారింజ, నలుపు చారలుండి పెద్దవాటికన్నా అందంగా ఉంటాయని అనేవారూ ఉన్నారు, నేనూ ఆ పక్షమే. ఇది బొరియలో దాగదు, డబ్బా నిండా పట్టు అల్లి దాని మీదే కూర్చుంటుంది, తిండి విషయంలో మొండికేయదు, డబ్బా పొడిగా ఉంటే చాలు. లోపం చెప్పాలంటే కంగారు ఎక్కువ, వేగం ఎక్కువ, దురద వెంట్రుకలు విదిలిస్తుంది. చేతిలో ఆడించే జీవి కాదు. చూసి ఆనందించాలనుకునేవారికి మాత్రం నీలం వర్గంలో నేను మొదట సూచించేది దీన్నే.

సింగపూర్ బ్లూ అన్నది మలేసియా, సింగపూర్ అడవుల్లో చెట్లమీద ఉండే ఓమోథైమస్ వయోలేసియోపీస్. పాత చీటీల మీద లాంప్రోపెల్మా అని ఉంటుంది. పెద్ద శరీరం, ఊదా ఛాయ కలిసిన నీలి కాళ్లు, మెరుపు వేగం. కోబాల్ట్ బ్లూతో దీన్ని కలగాపులగం చేసేవారు పాదాలు చూస్తే సరిపోతుంది: చెట్టెక్కే జాతుల కాళ్ల చివర మెత్తని వెడల్పాటి దిళ్లలాంటి కేశాలుంటాయి. సొకోట్రా బ్లూ బబూన్ అన్నది యెమెన్‌కు చెందిన సొకోట్రా ద్వీపపు మోనోసెంట్రోపస్ బాల్ఫోరి. లేత గోధుమరంగు శరీరం, నీలి కాళ్లు దాని గుర్తు, టరంటులాల్లో అరుదైన రీతిలో తల్లీపిల్లలు కలిసి మెలగడం దాని ప్రత్యేకత. ఈ రెండూ అనుభవం ఉన్నవారికే తగినవి.

ఇక నీలంగా కనిపించి మారిపోయేది ఒకటుంది. యాంటిలీస్ పింక్‌టో పేరుతో అమ్మే కారిబెనా వెర్సికలర్ మార్టినిక్ ద్వీపానికి చెందినది. 2017 వరకు దాన్ని అవిక్యులేరియా ప్రజాతిలో లెక్కించేవారు. గోరంత పిల్లగా ఉన్నప్పుడు అది చిక్కని నీలం. కుబుసాలు విడిచేకొద్దీ వీపు ఆకుపచ్చగా, పొట్ట ఎర్రగా, కాళ్లు ఊదాగా తిరిగి, నీలం టరంటులా కొన్నామనుకున్నవారి డబ్బాలో రంగురంగుల మరొక జీవి తయారవుతుంది. నా దృష్టిలో ఆ మార్పే దాన్ని పెంచడంలో ఉన్న సరదా. కానీ అమ్మేటప్పుడు పిల్ల ఫొటో మాత్రమే చూపించి ఊరుకోవడం న్యాయం కాదు. దీని స్వభావం సౌమ్యమే. గాలి ఆడని డబ్బాలో తేమ నిలవ ఉంచితే మాత్రం పిల్లలు త్వరగా చనిపోతాయి.

దీని బంధువైన మామూలు పింక్‌టో, అంటే 1758లో లిన్నేయస్ పేరుపెట్టిన అవిక్యులేరియా అవిక్యులేరియా, దీనికి అద్దంలో బింబంలా తిరగబడుతుంది: పిల్లలకు శరీరం గులాబి, పాదాలు నలుపు, పెద్దవాటికి శరీరం నలుపు, పాదాలు గులాబి. పేరులోని గులాబి పాదాలను పిల్లలో వెతికి, కనబడక, వేరే జాతి అంటగట్టారని గొడవపడేవారు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు.

గుత్తి పేరు మోస్తున్న నల్లమల జీవి

తెలుగు పాఠకులకు ఈ వర్గంలో అన్నిటికన్నా దగ్గరిది గూటీ సఫైర్. ప్రపంచమంతటా పెంపకందారుల నోట నలిగే ఆ గూటీ అనంతపురం జిల్లాలోని గుత్తి, కోటకూ రైల్వే జంక్షన్‌కూ పేరున్న మన గుత్తే. బ్రిటిష్ శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నిస్ పోకాక్ 1899లో పోసిలోథీరియా మెటాలికా అని వర్ణించిన మొదటి నమూనా ఆ ఊళ్లోని రైల్వే కలప నిల్వల్లో దొరికింది. కానీ ఆ జీవి అక్కడిది కాదు. కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని తర్వాతివారు భావించారు. ఆ తర్వాత వందేళ్ల పాటు అడవిలో దాని జాడ ఎవరికీ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అది మళ్లీ కనబడింది. అంటే అది ప్రపంచానికి పరిచయమైన ఊరి పేరు ఒకటి, బతికే అడవి మరొకటి. వాడుక పేరులోని ఊరును నమ్మి ఆ ఊరి వాతావరణాన్ని డబ్బాలో కల్పించబోయేవారికి ఇది మంచి హెచ్చరిక: గుత్తి చుట్టుపక్కల రాతినేల ఎండకూ, నల్లమలలో పాత చెట్ల తొర్రల్లోని చల్లదనానికీ పొత్తు లేదు.

దీనికి పీకాక్ టరంటులా, పీకాక్ పారాచూట్ స్పైడర్, మెటాలిక్ టరంటులా వంటి పేర్లు కూడా ఉన్నాయి, అన్నీ ఒకటే. నెమలి పేరు అతకడం యాదృచ్ఛికం కాదు, ఎందుకంటే నెమలి కంఠంలో ఉన్నట్టే ఈ సాలీడులోనూ నీలం రంగుపదార్థం వల్ల వచ్చినది కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మ నిర్మాణం కాంతిలోని నీలాన్ని తిప్పికొట్టడం వల్ల ఆ రంగు కనిపిస్తుంది. టరంటులాల్లో ఇటువంటి నీలం పరిణామ క్రమంలో కనీసం 8 సార్లు విడివిడిగా పుట్టిందని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. రంగును బట్టి బంధుత్వాన్నిగానీ స్వభావాన్నిగానీ ఎందుకు ఊహించకూడదో దీనికి మించిన వివరణ అక్కరలేదు.

గుర్తుపట్టడానికి చూడవలసినవి: ముదురు నీలం మీద తెలుపు, బూడిద రంగు చిక్కని అల్లికలాంటి నమూనా, కాళ్ల మీద పసుపు మచ్చలు, చెట్టుబెరడుకు అంటుకుపోయినట్టు చదునుగా కూర్చునే తీరు. పోసిలోథీరియా ప్రజాతిలోని మిగిలిన భారతీయ జాతులు నీలం కావు. ఇండియన్ ఆర్నమెంటల్ అనే రెగాలిస్, సేలం ఆర్నమెంటల్ అనే ఫార్మోసా, తూర్పు కనుమల్లో ఉండే టైగ్రినావెస్సెలి వంటివి బూడిద, తెలుపు, నలుపు రంగుల్లో ఒకదానినొకటి పోలి ఉంటాయి. వాటిని పైనుంచి చూసి వేరుచేయబోవడం వృథా ప్రయాస. ముందుకాళ్ల అడుగుభాగంలోని పట్టీల అమరికే వాటి గుర్తింపు చీటీ, కాబట్టి గాజు గోడ మీద ఎక్కినప్పుడు అడుగునుంచి తీసిన ఫొటో అడగాలి.

ఎంపిక విషయానికి వస్తే, మన ప్రాంతపు జీవి అన్న మమకారంతో దీన్ని మొదటి టరంటులాగా తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతాను. పోసిలోథీరియాలకు దురద వెంట్రుకలు లేవు. వాటి రక్షణంతా వేగమూ, విషమూ. వాటి కాటువల్ల మనుషులు చనిపోయినట్టు నమోదు కాలేదు గానీ తీవ్రమైన కండరాల తిమ్మిరి, నొప్పులు కొన్ని రోజులు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం ఉన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. దీనికి విరుగుడు మందు లేదు.

చట్టం సంగతి మరీ ముఖ్యం. అంతరించే జాతుల జాబితాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2008లో మెటాలికాను తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల కోవలో చేర్చింది. అది బతికే అటవీ ప్రాంతం విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల లోపే. 2019లో పోసిలోథీరియా ప్రజాతి మొత్తం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలోకి వచ్చింది. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటీస్ జాబితాలోని జీవులను చట్ట పరిధిలోకి తెచ్చి, వాటిని ఉంచుకోవడానికి నమోదు తప్పనిసరి చేసింది. నల్లమల నుంచి పట్టుకొచ్చానని ఎవరైనా ఇస్తామంటే తీసుకోవడం నేరంలో పాలుపంచుకోవడమే. అమెరికాలోని తెలుగువారు గమనించవలసినది, శ్రీలంకకు చెందిన 5 పోసిలోథీరియా జాతులను అక్కడి అంతరించిపోతున్న జాతుల చట్టం కింద 2018లో చేర్చారు కాబట్టి వాటిని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మడం, కొనడం కుదరదు. ఆర్నమెంటల్ అన్న ఒక్క మాటతో అన్నిటినీ కలిపి అమ్మే బజారులో ఏ ఆర్నమెంటల్ అన్నది అందువల్లనే తప్పక తెలియాలి. ఆస్ట్రేలియాలో అయితే విదేశీ టరంటులాలేవీ చట్టబద్ధం కావు. అక్కడ పెంచేవి అక్కడి జాతులే.

ఎర్ర మోకాళ్ల వర్గం

నీలం వర్గంలో చిక్కు ఒకే రంగు వల్ల వచ్చినదైతే, ఎర్ర మోకాళ్ల వర్గంలో చిక్కు అంతకన్నా లోతైనది. ఇక్కడ శాస్త్రీయ నామమే ఏళ్ల తరబడి తప్పుగా నడిచింది. మెక్సికన్ రెడ్‌నీ పేరుతో దశాబ్దాలుగా ప్రపంచమంతటా అమ్ముడైన జీవిని అందరూ బ్రాకిపెల్మా స్మితి అనే అనుకున్నారు. 1997లో బ్రాకిపెల్మా హమోరి అని మరొక జాతిని వర్ణించినా ఆ రెండింటి మధ్య హద్దు స్పష్టం కాలేదు. 2017లో మెక్సికో శాస్త్రవేత్తలు మెండోసా, ఫ్రాంకే ఈ వర్గాన్ని తిరిగి పరిశీలించినప్పుడు, పెంపకంలో ఉన్న స్మితిలలో అత్యధికం నిజానికి హమోరి అని తేలింది. హమోరి హలిస్కో, కొలీమా, మిచోకాన్ రాష్ట్రాల పసిఫిక్ తీరపు జాతి. స్మితి గెరెరో రాష్ట్రపు జాతి.

కాబట్టి 2017కు ముందు కొన్న జీవి మీద స్మితి అని రాసి ఉంటే ఆ మాటకు పెద్ద విలువ ఇవ్వనక్కరలేదు, ఇప్పుడు స్మితి అని అమ్ముతున్నవారిని మాత్రం దాని తల్లిదండ్రులు ఎక్కడివని అడగాలి. కంటితో చూడదగిన తేడా ఒకటుంది: హమోరి కోరల మొదళ్ల మీద, అంటే ముఖం ముందుభాగంలో, గులాబి గోధుమ ఛాయలో రెండు పట్టీలు కనిపిస్తాయి, స్మితికి అవి ఉండవు. చిక్కేమిటంటే ప్రతి హమోరిలోనూ ఆ పట్టీలు కొట్టొచ్చినట్టు కనబడవు, కుబుసానికి ముందు రంగు మాసినప్పుడు అసలే కనబడవు. అందువల్ల పట్టీలుంటే హమోరి అని చెప్పవచ్చు గానీ లేకపోతే స్మితి అని తేల్చకూడదు. నిర్ధారణకు ఆడదాని కుబుసంలోని శుక్రకోశ నిర్మాణాన్నో, మగదాని జననాంగాన్నో సూక్ష్మదర్శిని కింద తెలిసినవారు చూడవలసిందే.

పెంపుడు జీవిగా మాత్రమే ఉంచుకునేవారికి ఈ రెండింటి మధ్య ఆచరణలో తేడా దాదాపు లేదు. రెండూ నేలమీద ఉండేవి, నెమ్మదైనవి, ఏళ్ల తరబడి బతికేవి. పిల్లలు తీయించాలనుకునేవారికి మాత్రం ఇది చాలా కీలకమైన ప్రశ్న; పేరు నమ్మి స్మితిని హమోరితో జతచేస్తే పుట్టే సంకరాలు ఏ పేరుతో బజారుకు చేరతాయో, తర్వాతి తరం పెంపకందారులకు ఎంత తలనొప్పి తెస్తాయో చెప్పలేం.

ఈ రెండింటి చుట్టూ ఇంకో మూడు జాతులు తిరుగుతుంటాయి. మెక్సికన్ ఫైర్‌లెగ్ అని కొందరు, రస్ట్‌లెగ్ అని మరికొందరు అనేది ఒకటే, బ్రాకిపెల్మా బోమి. దాని ఎరుపు మోకాలి దగ్గర ఆగకుండా కాలి కిందివరకు పాకి, పాదం మాత్రం నల్లగా మిగులుతుంది, వీపు పెంకు కూడా రాగి రంగులో ఉంటుంది. మెక్సికన్ రెడ్‌లెగ్ అనే బ్రాకిపెల్మా ఎమీలియాను గుర్తించడం వీటన్నిటిలో తేలిక, ఎందుకంటే లేత నారింజ వీపు పెంకు మీద కళ్ల దగ్గర మొదలయ్యే నల్లని త్రికోణం మరిదేనికీ అలా ఉండదు. ఫ్లేమ్‌నీ అనే బ్రాకిపెల్మా ఆరాటంను ఒకప్పుడు స్మితిలోనే ఎత్తయిన ప్రాంతాల రకమని భావించేవారు, 1992లో వేరు జాతిగా వర్ణించారు. దాని మోకాళ్ల మీది గుర్తు మంట నాలుకలా ఉంటుంది. రెడ్‌నీ, రెడ్‌లెగ్, ఫైర్‌లెగ్, ఫ్లేమ్‌నీ అన్న నాలుగు పేర్లను తొందరలో చెప్పుకుంటూ పోతే ఎవరైనా తడబడతారు. ఊరట ఏమిటంటే నాలుగూ సౌమ్యమైన జాతులే, కాబట్టి ఈ వర్గంలో పొరపాటు పడితే నష్టపోయేది డబ్బు మాత్రమే. నీలం వర్గంలో పొరపాటుకు చేయి కూడా మూల్యం చెల్లించవచ్చు.

బ్రాకిపెల్మా ప్రజాతి కూడా సైటీస్ రెండవ అనుబంధంలో ఉంది. స్మితి అన్న పేరు ఆ జాబితాకెక్కింది 1985లో. ఆ ప్రజాతి నుంచి తర్వాత విడదీసిన ట్లిల్టోకాట్ల్‌కు, అంటే మెక్సికన్ రెడ్‌రంప్, కర్లీ హెయిర్ వంటి జాతులకు కూడా అదే వర్తిస్తుంది. పేరు మారినంత మాత్రాన కాగితాలు అక్కరలేదని చెప్పేవారిని నమ్మవద్దు.

ఒకే జీవికి పది పేర్లు, ఒకే పేరుకు నాలుగు జీవులు

ఆరెంజ్ బబూన్, ఉసాంబరా ఆరెంజ్, మొంబాసా గోల్డెన్ స్టార్‌బర్స్ట్ అన్న పేర్లతో వేర్వేరు ధరలకు కనిపించేవన్నీ ఒకే ఆఫ్రికా జాతి, టెరినోకైలస్ మ్యూరినస్, రంగు ఛాయలు మాత్రమే వేరు. దాన్ని ఓబీటీ అని పొట్టిగా పిలుస్తారు, ఆ పొట్టి పేరును పెంపకందారులు కరిచే నారింజ వస్తువు అన్న అర్థం వచ్చేలా విడమరిచి నవ్వుకుంటారు. ఆ నవ్వులో నిజం ఉంది. ధర తక్కువ, రంగు ఆకర్షణీయం, పెంచడం తేలిక కాబట్టి కొత్తవారి చేతికి త్వరగా చేరుతుంది. అందరికన్నా దూరంగా ఉండవలసినవారు వారే.

టైగర్ అన్న మాట దీనికి వ్యతిరేక దిశలో గందరగోళం చేస్తుంది. వెనిజులా సన్‌టైగర్ అంటే చెట్టెక్కే సాల్మోపియస్ ఇర్మీనియా, టైగర్ రంప్ అంటే మధ్య అమెరికా నేలమీద తిరిగే చిన్న డావస్ జాతి, శ్రీలంకలో టైగర్ స్పైడర్లంటే పోసిలోథీరియాలు. సన్‌టైగర్ విషయంలో ఇంకో ఉచ్చు ఉంది: అమెరికా ఖండాల టరంటులాలకు దురద వెంట్రుకలుంటాయి, విషం తక్కువ, ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ వెంట్రుకలుండవు, విషం ఎక్కువ అన్నది పెంపకందారులు నేర్చుకునే మొదటి సూత్రం, సాల్మోపియస్ ఆ సూత్రానికి లొంగదు. అది అమెరికాదే అయినా దానికి దురద వెంట్రుకలు లేవు, స్వభావం ఆసియా చెట్టు జాతుల్లాగే దూకుడు.

శాస్త్రీయ నామమైతే ఇక నిశ్చింత అనుకోవడానికీ లేదు. గ్రామోస్టోలా పల్క్రా ఒళ్లంతా నలుపున్న బ్రెజిలియన్ బ్లాక్, గ్రామోస్టోలా పల్క్రైప్స్ కాళ్లమీద బంగారు చారలున్న చాకో గోల్డెన్ నీ. చివరి అక్షరాలు చీటీ మీద చెరిగిపోతే ధరలో బాగా తేడా ఉన్న రెండు జీవులు ఒకటైపోతాయి. చిలీ రోజ్ పేరుతో అమ్మేవాటిలో గ్రామోస్టోలా రోజియా ఏది, పోర్టెరి ఏది అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. పెంచే పద్ధతి ఒకటే కాబట్టి కొనేవారు దాని గురించి నిద్ర పోగొట్టుకోనక్కరలేదు.

జాతి పేరు లేని రంగులు

కొన్నిసార్లు చీటీ మీద ప్రజాతి పేరు, దాని పక్కన ఎస్పీ అన్న రెండక్షరాలు, ఆ తర్వాత ఒక ఆకర్షణీయమైన రంగు పేరు ఉంటాయి. దాని అర్థం శాస్త్రం ఇంకా దానికి పేరు పెట్టలేదని. థాయ్‌లాండ్‌లో మడ అడవుల చెట్ల తొర్రల్లో దొరికి, 2023లో కైలోబ్రాకిస్ నటనిచరం అన్న పేరు పొందిన ఊదానీలం టరంటులా అంతకుముందే ఎలక్ట్రిక్ బ్లూ పేరుతో బజారులో ఉంది. బోర్నియోలోని సరవాక్ నుంచి 2019లో బైరుపీస్ సిమోరోక్సిగోరం అన్న నీలికాళ్ల జాతి వర్ణన వెలువడినప్పుడు, ఆ నమూనాలు అనుమతి లేకుండా అడవినుంచి తెచ్చినవన్న వివాదం రేగింది. పేరు లేని రంగు కొత్తగా బజారుకు వచ్చిందంటే తల్లిదండ్రులో, తాతముత్తాతలో ఇటీవలే ఎక్కడో అడవినుంచి వచ్చి ఉంటాయి. డబ్బాలో పుట్టిన రెండు మూడు తరాలు గడిచేదాకా అటువంటివాటిని కొనకుండా ఆగడమే మంచిదని నా సలహా, అప్పటికి ధర కూడా దిగుతుంది.

కొనే ముందు అడగవలసినవి

ముందుగా ప్రజాతి, జాతి రెండూ ఉన్న పూర్తి శాస్త్రీయ నామం రాసివ్వమని అడగాలి, దాన్ని బెర్న్ పట్టికలో వెతికి పాత పేరైతే కొత్తదేమిటో చూసుకోవాలి. తల్లిదండ్రులు ఎక్కడివి, పిల్లలు పుట్టింది ఎక్కడ అన్నది తర్వాతి ప్రశ్న. సైటీస్ జాబితాలోని జాతి అయితే ఆ జవాబు కాగితం మీదే ఉండాలి. పిల్ల ఫొటో, పెద్ద ఆడదాని ఫొటో, పెద్ద మగదాని ఫొటో మూడూ చూడాలి. రంగు దిద్దిన ఫొటోలను పట్టుకోవడానికి తేలిక మార్గం పక్కన ఉన్న కొబ్బరి పొట్టు చూడటం. పొట్టు కూడా ఊదాగానో నీలంగానో మెరుస్తుంటే సాలీడు రంగును నమ్మనక్కరలేదు. పైగా నిర్మాణం వల్ల వచ్చే నీలం దీపపు కాంతిని బట్టి మారుతుంది, సూటిగా పడే తెల్లని కాంతిలో వెలిగిపోయే కోబాల్ట్ బ్లూ గదిలో మామూలు వెలుతురులో దాదాపు నల్లగా కనిపిస్తుంది. కుబుసం విడిచే ముందు ఏ జాతైనా మాసిపోయినట్టుంటుంది, అది జబ్బూ కాదు, మోసమూ కాదు.

విడిచిన కుబుసం ఉంటే తప్పక అడిగి తీసుకోవాలి. ఆడ, మగ తేడా అందులోనే తెలుస్తుంది, ఆ తేడా మామూలుది కాదు: హమోరి ఆడది పాతికేళ్లకు పైగా బతకగలదు, మగది పెద్దయ్యాక సాధారణంగా ఏడాది, కొద్దిగా అటూ ఇటూ. మంచి రంగులో ఉన్న పెద్ద టరంటులా చవకగా దొరుకుతోందంటే అది చివరి కుబుసం దాటిన మగది కావడానికే అవకాశం ఎక్కువ.

ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి, ఇంతకుముందు ఏ టరంటులానూ పెంచనివారికి హమోరి ఆడపిల్లను, అంతకన్నా మెరిసే రంగు కావాలంటే జీబీబీని ఎంచుకోమంటాను. రెంటికీ దురద వెంట్రుకలున్నాయి కాబట్టి డబ్బా శుభ్రం చేసేటప్పుడు ముఖం దూరంగా ఉంచాలి, చేతులు కడిగేదాకా కళ్లు నలపకూడదు. కంట్లో దిగిన వెంట్రుకలు వైద్యుడి దాకా తీసుకెళతాయి. చెట్టుమీది జీవి కావాలని పట్టుబట్టేవారికి, గాలి బాగా ఆడే నిలువు డబ్బా సమకూర్చగలిగితే, కారిబెనా వెర్సికలర్. కోబాల్ట్ బ్లూ కావాలనుకునేవారు నీలాన్ని వారానికోసారి చూసినా చాలనుకునేవారైతేనే తీసుకోవాలి. గూటీ సఫైర్‌ను, కొన్నేళ్లు ఇతర చెట్టు జాతులను పెంచి, డబ్బా మూత తెరిచేటప్పుడు చేయి తొందరపడని స్థితికి వచ్చినవారు, పెంపకంలో పుట్టినదానికి రుజువు, నమోదు కాగితాలు చేతిలో పెట్టుకుని మాత్రమే తెచ్చుకోవాలి.